తలుపులు, కిటికీల ద్వారా ఇంధన పొదుపు

తలుపులు, కిటికీల ద్వారా ఇంధన పొదుపు అనగా ఇంటి ద్వారబంధాలు, కిటికీ చట్రాలు, అద్దాల చుట్టూ ఉన్న సందులను మూసివేయడం, అవసరమైన చోట వాటిని మెరుగైన వాటితో మార్చడం ద్వారా ఇంటిని చల్లగా లేక వెచ్చగా ఉంచడానికయ్యే ఇంధనాన్ని తగ్గించుకొనే పద్ధతి. చలి దేశాలలో ఇది ఇంటిలోని వేడిని బయటకు పోకుండా కాపాడుతుంది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ వంటి ఉష్ణ ప్రాంతాలలో బయటి వేడిని, తేమను, ఎండను లోపలికి రాకుండా ఆపుతుంది. సూత్రాలు రెండు చోట్లా ఒకటే అయినా, చేయవలసిన పనుల ప్రాధాన్యత వేరుగా ఉంటుంది. చలి దేశాలకు తగిన పద్ధతిని వేడి ప్రాంతంలో ఉన్నదున్నట్లుగా అనుసరిస్తే ఖర్చు ఎక్కువ, ఫలితం తక్కువ కావచ్చు.

ఉష్ణం ప్రయాణించే మార్గాలు

తలుపులు, కిటికీల గుండా ఉష్ణం ప్రధానంగా మూడు విధాలుగా ప్రయాణిస్తుంది.

1. ఉష్ణవహనం: అద్దం, చట్రం, తలుపు పలకల గుండా వేడి వైపు నుండి చల్లని వైపునకు ఉష్ణం ప్రవహిస్తుంది. అల్యూమినియం చెక్క కంటే వెయ్యి రెట్లకు పైగా ఉష్ణాన్ని ప్రసరింపజేస్తుంది. అందువలన మామూలు అల్యూమినియం చట్రం ఎండాకాలంలో లోపలి వైపు కూడా చేతికి వేడిగా తగులుతుంది. టేకు, వేప వంటి చెక్కలు, యుపివిసి ఉష్ణాన్ని బాగా తక్కువగా ప్రసరింపజేస్తాయి.

2. వికిరణం: ఎండ నేరుగా అద్దం గుండా లోపలికి వచ్చి నేల, గోడలు, సామాన్ల మీద పడి వేడిగా మారుతుంది. ఇలా వేడెక్కిన వస్తువులు వెలువరించే పరారుణ కిరణాలు గాజు గుండా తిరిగి బయటకు పోలేవు. అందువలన అద్దాల గది వేగంగా వేడెక్కుతుంది.

3. గాలి చొరబాటు: సందుల గుండా బయటి గాలి లోపలికి, లోపలి గాలి బయటకు కదులుతుంది. గాలి వీచినప్పుడు కలిగే ఒత్తిడి ఇందుకు ఒక కారణం. లోపలి, బయటి ఉష్ణోగ్రతల తేడా మరొక కారణం. ఏసీ గదిలోని చల్లని గాలి బరువైనది కనుక తలుపు కింది సందు నుండి బయటకు జారిపోతుంది. దాని స్థానంలో పై సందుల నుండి వేడి గాలి వస్తుంది. చలి దేశాలలో వెచ్చని గాలి పైనుండి బయటకు పోయి, చల్లని గాలి కిందినుండి ప్రవేశిస్తుంది.

సందుల పరిమాణం

విడిగా చూసినప్పుడు సందు చాలా చిన్నదిగా కనిపిస్తుంది. కాని చుట్టుకొలత ఎక్కువ కావడం వలన మొత్తం వైశాల్యం పెద్దదే అవుతుంది. 2.1 మీటర్ల ఎత్తు, 0.9 మీటరు వెడల్పు గల తలుపు చుట్టుకొలత 6 మీటర్లు. దాని చుట్టూ 3 మి.మీ. సందు ఉంటే మొత్తం వైశాల్యం 180 చదరపు సెం.మీ. అవుతుంది. ఇది గోడకు ఒక్కొక్క వైపు 13 సెం.మీ.కు పైగా ఉండే చదరపు రంధ్రం చేసినదానితో సమానం.

పాత ఇండ్లలో ద్వారబంధానికి నాలుగో వైపున గడప ఉండేది. ఇది వాన నీటిని, పురుగులను అడ్డుకోవడంతో పాటు తలుపు కింది సందును కూడా తగ్గించేది. నేటి అపార్టుమెంట్లలో పడకగది తలుపులకు సాధారణంగా గడప ఉండదు. మూడు వైపులా చట్రం మాత్రమే ఉండి, నేలకూ తలుపుకూ మధ్య ఒక సెంటీమీటరు లేక అంతకంటే ఎక్కువ ఖాళీ ఉంటుంది. ఏసీ గదులలో గాలి నష్టానికి ఇది ముఖ్యమైన చోటు.

కొలమానాలు

తలుపులు, కిటికీల నాణ్యతను తెలుపడానికి కింది కొలమానాలను వాడతారు.

యు-విలువ: లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు గుండా ప్రవహించే ఉష్ణాన్ని వాట్లలో తెలుపుతుంది. ఇది ఎంత తక్కువైతే అంత మంచిది. ఒంటి అద్దానికి ఇది సుమారు 5.7 ఉంటుంది. మధ్యలో 12 మి.మీ. గాలి పొర గల జంట అద్దానికి సుమారు 2.8, తక్కువ ఉద్గారత పూత, ఆర్గాన్ వాయువు గల జంట అద్దానికి సుమారు 1.1 నుండి 1.4 వరకు ఉంటుంది.

సౌర ఉష్ణ గుణకం: అద్దం మీద పడిన ఎండలో ఎంత భాగం వేడిగా లోపలికి చేరుతుందో తెలిపే సంఖ్య. 6 మి.మీ. తెల్ల అద్దానికి ఇది సుమారు 0.82. ఎండను అడ్డుకొనేందుకు ప్రత్యేకంగా తయారు చేసిన అద్దాలకు 0.3 కంటే తక్కువ కూడా ఉండవచ్చు.

కాంతి ప్రసారం: వెలుతురులో ఎంత భాగం లోపలికి వస్తుందో తెలుపుతుంది. ఇది మరీ తక్కువైతే పగలు కూడా దీపాలు వెలిగించవలసి వస్తుంది. అప్పుడు ఏసీలో మిగిలిన విద్యుత్తు దీపాలకు ఖర్చవుతుంది.

గాలి మార్పిడి రేటు: గదిలోని మొత్తం గాలి గంటకు ఎన్నిసార్లు మారుతుందో తెలుపుతుంది. దీనిని కొలవడానికి ద్వారంలో పెద్ద పంకాను బిగించి, లోపలికీ బయటికీ 50 పాస్కల్‌ల ఒత్తిడి తేడా కల్పించి పరీక్షిస్తారు.

చరిత్ర

రెండు అద్దాలను కొంత ఎడంతో కలిపి బిగించే విధానానికి 1865లో అమెరికాలో థామస్ స్టెట్సన్ పేరిట పేటెంటు లభించింది. అయితే అది విస్తృతంగా వాడుకలోకి రావడానికి చాలా కాలం పట్టింది. 1959లో ఇంగ్లాండులోని పిల్కింగ్టన్ సంస్థ కరిగిన తగరం మీద గాజును తేల్చి సమతలంగా చేసే ఫ్లోట్ పద్ధతిని ప్రకటించడంతో చదునైన పెద్ద గాజు పలకలు చవకయ్యాయి. దానితో పెద్ద కిటికీలు, అద్దాల గోడలు పెరిగాయి. వాటితో పాటే ఇండ్లను వేడి చేయడానికి, చల్లబరచడానికి అయ్యే ఖర్చు కూడా పెరిగింది.

1973 నాటి చమురు సంక్షోభం తరువాత ఈ విషయం ప్రభుత్వాల దృష్టికి వచ్చింది. అమెరికాలో 1976లో చేసిన చట్టం ద్వారా తక్కువ ఆదాయం గల కుటుంబాల ఇండ్లలో సందులు మూసి, ఉష్ణ నిరోధకాలు అమర్చే పథకం మొదలైంది. 1980వ దశకంలో తక్కువ ఉద్గారత పూత గల అద్దాలు మార్కెట్టులోకి వచ్చాయి. 1991లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ నగరంలో మొదటి పాసివ్ హౌస్ నివాసాలు పూర్తయ్యాయి. ఈ ప్రమాణం ప్రకారం 50 పాస్కల్‌ల ఒత్తిడి వద్ద గాలి మార్పిడి గంటకు 0.6 సార్లకు మించరాదు.

భారతదేశంలో 2001లో ఇంధన పొదుపు చట్టం వచ్చింది. 2002 మార్చి 1న ఇంధన సామర్థ్య బ్యూరో ఏర్పడింది. 2007 మేలో వాణిజ్య భవనాల కొరకు ఇంధన పొదుపు భవన నియమావళి విడుదలైంది. 2014 జనవరిలో ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం దీనిని రాష్ట్రానికి తగినట్లు మార్చి స్వీకరించింది. నివాస భవనాల కొరకు 2018 డిసెంబరు 14న ఎకో నివాస్ సంహిత మొదటి భాగం వెలువడింది. దీని ప్రకారం చల్లని ప్రాంతాలు మినహా మిగిలిన చోట్ల గోడలు, కిటికీల గుండా లోపలికి చేరే ఉష్ణం సగటున చదరపు మీటరుకు 15 వాట్లకు మించరాదు. అదే సమయంలో నేల వైశాల్యంలో ఇంత భాగం తెరచుకొనే కిటికీలు ఉండాలని కూడా ఈ సంహిత నిర్దేశించింది. ఇది ఉక్కగా ఉండే ప్రాంతాలలో 16.66 శాతం, హైదరాబాదు వంటి మిశ్రమ వాతావరణంలో 12.5 శాతం. అంటే ఇంటిని పెట్టెలా మూసివేయడం ఈ నియమాల ఉద్దేశం కాదు. అవసరమైనప్పుడు గాలి రావాలి, అవసరం లేనప్పుడు ఆగాలి.

సందులను గుర్తించడం

పరికరాలు లేకుండానే ఇంటిలో సందులను కనిపెట్టవచ్చు.

కాగితం పరీక్ష: తలుపు లేక కిటికీ రెక్కకూ చట్రానికీ మధ్య కాగితం పెట్టి మూయాలి. కాగితాన్ని లాగినప్పుడు సులభంగా వచ్చేస్తే అక్కడ బిగింపు లేదని అర్థం.

అగరుబత్తి పరీక్ష: పంకాలు ఆపి, కిటికీలు మూసి, వెలిగించిన అగరుబత్తిని చట్రం వెంట నెమ్మదిగా కదపాలి. పొగ నిట్టనిలువుగా కాక పక్కకు మళ్ళిన చోట గాలి కదులుతున్నట్లు. వంటగది ఎగ్జాస్ట్ పంకాను తిరగనిస్తే ఈ తేడా మరింత స్పష్టంగా కనిపిస్తుంది. తెరలకు నిప్పు తగలకుండా జాగ్రత్త వహించాలి.

దీపం పరీక్ష: రాత్రి గదిలో దీపాలు ఆర్పి, ఒకరు బయటి నుండి టార్చిలైటు వేస్తే లోపలి వారికి సందులు వెలుతురు గీతలుగా కనిపిస్తాయి.

గాజు, చట్రం కలిసే చోట ఎండిన పుట్టీ, చట్రం, గోడ కలిసే చోట పగిలిన సిమెంటు, ఏసీ గొట్టాల కోసం గోడకు వేసిన రంధ్రం, కిటికీకి బిగించిన కూలరు చుట్టూ ఉన్న ఖాళీ - వీటిని తప్పక పరిశీలించాలి.

సందులను మూసే పద్ధతులు

కదలని భాగాల మధ్య సందులకు, కదిలే భాగాల మధ్య సందులకు వేర్వేరు పదార్థాలు వాడాలి.

కదలని భాగాలు: చట్రానికీ గోడకూ మధ్య సన్నని పగుళ్ళను సిలికాన్ లేక అక్రిలిక్ మిశ్రమంతో నింపుతారు. అక్రిలిక్ మీద రంగు వేయవచ్చు, మామూలు సిలికాన్ మీద రంగు నిలువదు. వెడల్పైన ఖాళీలను ముందుగా నురగ తాడుతో లేక సిమెంటుతో నింపి, పైన ఈ మిశ్రమం పూయాలి. చెక్క కిటికీల గాజు చుట్టూ సుద్దపొడి, అవిసె నూనెలతో చేసిన పుట్టీ ఎండి రాలిపోతే పాతది తీసి కొత్తది పెట్టాలి.

కదిలే భాగాలు: రెక్క మూసినప్పుడు చట్రానికి ఒత్తుకొనే చోట రబ్బరు లేక నురగ పట్టీ అతికిస్తారు. నురగ పట్టీ చవక, కాని ఎండకు, ఒత్తిడికి త్వరగా అణగిపోతుంది. ఇపిడిఎం రబ్బరు పట్టీ ఖరీదైనా ఎక్కువ కాలం మన్నుతుంది. పక్కకు జరిగే కిటికీలకు బ్రష్ పట్టీ వాడతారు. తలుపు అడుగున రబ్బరు లేక బ్రష్ గల పట్టీని మేకులతో బిగించవచ్చు.

పట్టీ అతికించే ముందు చట్రం మీది దుమ్ము, జిడ్డు పూర్తిగా తుడవాలి. పట్టీ మందం సందుకు సరిపోవాలి. మరీ మందమైతే తలుపు పడదు, బందుల మీద భారం పడుతుంది. బందుల మరలు వదులై తలుపు వాలిపోయి ఉంటే ముందుగా వాటిని బిగించాలి. చాలా సందర్భాలలో ఈ ఒక్క పనితోనే సగం సందు పూడుతుంది.

చెక్క తలుపులు వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతాయి, ఎండాకాలంలో కుంచించుకుపోతాయి. వానాకాలంలో తలుపు పట్టేస్తున్నదని చిత్రిక ఎక్కువగా పట్టిస్తే వేసవిలో అక్కడే పెద్ద సందు ఏర్పడుతుంది. తలుపు పైఅంచు, కింది అంచులకు కూడా రంగు లేక వార్నీషు పూస్తే తేమ పీల్చడం తగ్గుతుంది. వడ్రంగులు తరచుగా వదిలివేసే భాగాలు ఇవే.

కిటికీలను మెరుగుపరచడం

జంట అద్దాలు: రెండు అద్దాల మధ్య పొడి గాలి లేక ఆర్గాన్ వాయువు నింపి అంచులను మూసివేస్తారు. అంచు పట్టీలో తేమను పీల్చే గుళికలు ఉంటాయి. అంచు మూత చెడితే అద్దాల మధ్య మంచు పట్టినట్లు కనిపిస్తుంది. దీనిని తుడవడం సాధ్యం కాదు, అద్దాల జతను మార్చవలసిందే.

తక్కువ ఉద్గారత పూత: అద్దం మీద వెండి వంటి లోహంతో అతి పలుచని పొరను వేస్తారు. మామూలు గాజు పరారుణ ఉద్గారత సుమారు 0.84 కాగా, మంచి పూతలకు 0.1 కంటే తక్కువ ఉంటుంది. వెండి పూత గాలి తగిలితే పాడవుతుంది కనుక దానిని జంట అద్దం లోపలి వైపుననే ఉంచుతారు. చలి ప్రాంతానికి సౌర ఉష్ణాన్ని రానిచ్చే రకం, వేడి ప్రాంతానికి ఆపే రకం ఎంచుకోవాలి.

చట్రాలు: చెక్క, యుపివిసి చట్రాలు ఉష్ణాన్ని తక్కువగా ప్రసరింపజేస్తాయి. అల్యూమినియం చట్రం కావాలంటే లోపలి, బయటి భాగాల మధ్య ప్లాస్టిక్ అడ్డు గల రకం మేలు. రెక్క కిటికీలు రబ్బరు మీద గట్టిగా ఒత్తుకొని మూసుకుంటాయి కనుక, జరిగే కిటికీల కంటే సాధారణంగా గాలిని బాగా ఆపుతాయి. పైగా జరిగే కిటికీ సగమే తెరచుకుంటుంది, రెక్క కిటికీ పూర్తిగా తెరచుకుంటుంది.

చలి దేశాలలో కిటికీ మార్చకుండానే బయట అదనపు అద్దపు తలుపు బిగించడం, లోపలి వైపు పారదర్శకమైన ప్లాస్టిక్ పొర అతికించడం వాడుకలో ఉన్నాయి. అమెరికా, కెనడా వంటి దేశాలలో అద్దె ఇండ్లలో ఉండే తెలుగువారికి ఈ రెండో పద్ధతి సులభం. శీతాకాలం తరువాత పొరను తీసివేయవచ్చు.

తెలుగు ప్రాంతాలలో ప్రాధాన్యత

ఒక ఉదాహరణ తీసుకొందాం. పడమటి గోడకు 1.2 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల ఎత్తు గల ఒంటి అద్దపు కిటికీ ఉన్నది. దాని వైశాల్యం 1.8 చదరపు మీటర్లు. బయట 38 డిగ్రీలు, లోపల 26 డిగ్రీలు ఉన్నప్పుడు తేడా 12 డిగ్రీలు.

- ఉష్ణవహనం వలన వచ్చే వేడి సుమారు 123 వాట్లు.
- అద్దం మీద చదరపు మీటరుకు 600 వాట్ల సాయంత్రపు ఎండ నేరుగా పడితే లోపలికి వచ్చే వేడి సుమారు 885 వాట్లు.
- 36 ఘనపు మీటర్ల గదిలో సందుల వలన గాలి గంటకు మూడుసార్లు మారితే వచ్చే వేడి సుమారు 430 వాట్లు.

మామూలు జంట అద్దం వేస్తే మొదటి అంశంలో 60 వాట్లు మాత్రమే తగ్గుతుంది. ఎండ వేడి కొంత తగ్గినా, ఎక్కువ భాగం లోపలికి వస్తూనే ఉంటుంది. అదే కిటికీకి బయట నీడ కల్పిస్తే ఎండ వేడిలో చాలా భాగం ఆగుతుంది. సందులు మూసి గాలి మార్పిడిని గంటకు ఒకసారికి తగ్గిస్తే మరో 290 వాట్ల వరకు తగ్గుతుంది. ఒక టన్ను ఏసీ చల్లబరచే శక్తి సుమారు 3,500 వాట్లు అని గుర్తుంచుకుంటే ఈ అంకెల ప్రాముఖ్యత తెలుస్తుంది. కనుక మన ప్రాంతాలలో మొదట నీడ, తరువాత సందుల మూత, ఆ తరువాతనే ఖరీదైన అద్దాలు అనే వరుస అనుసరణీయం.

నీడ దిక్కును బట్టి ఉండాలి. హైదరాబాదులో మే రెండో వారంలో మధ్యాహ్న సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. కాబట్టి వేసవిలో దక్షిణపు కిటికీకి చిన్న సన్‌షేడ్ సరిపోతుంది. తూర్పు, పడమర దిక్కుల ఎండ వాలుగా వస్తుంది కనుక దానిని సన్‌షేడ్ ఆపలేదు. అక్కడ వెదురు తడికలు, బయటి తలుపు రెక్కలు, చెట్లు, పందిరి ఉపయోగపడతాయి. లోపల వేసే తెర కంటే బయటి తడిక మేలు, ఎందుకంటే తెరను చేరేసరికే ఎండ అద్దం దాటి గదిలోకి వచ్చేసింది.

పూర్వం వసారాలు, మందపాటి చెక్క తలుపులు, తడిపిన వట్టివేళ్ళ తడికలు ఈ పనిని చేసేవి. వట్టివేళ్ళ తడికలు గాలి పొడిగా ఉండే తెలంగాణ, రాయలసీమ ప్రాంతాలలో బాగా చల్లబరుస్తాయి. ఉక్కగా ఉండే కోస్తాలో వీటి ప్రభావం తక్కువ.

కోస్తాలో సందుల వలన మరొక నష్టం కలదు. చొరబడే గాలితో పాటు తేమ వస్తుంది. ఆ ఆవిరిని ఒక లీటరు నీరుగా మార్చడానికి ఏసీ సుమారు 2,450 కిలోజౌళ్ళ ఉష్ణాన్ని తొలగించాలి. గది చల్లబడకపోయినా ఏసీ గొట్టం నుండి నీరు ధారగా కారుతుంటే బయటి గాలి ఎక్కువగా వస్తున్నదేమో చూడాలి.

ఏసీ లేని ఇండ్లలో సందులు మూయడం వలన విద్యుత్తు పొదుపు పెద్దగా ఉండదు. పొడి ప్రాంతాలలో రోహిణి కార్తె ఎండలకు పగలు కిటికీలు మూసి, రాత్రి చల్లబడిన తరువాత ఎదురెదురు కిటికీలు తెరవడం మంచి పద్ధతి. ఉక్క ప్రాంతాలలో పగలు కూడా గాలి ఆడనివ్వడమే మేలు.

జాగ్రత్తలు

- బొగ్గుల కుంపటి, కిరోసిన్ పొయ్యి, గ్యాస్ గీజరు వాడే గదులను గాలి చొరకుండా మూయరాదు. గాలి చాలక ఇంధనం సరిగా మండనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ ఏర్పడుతుంది. దానికి రంగు, వాసన లేవు. నిద్రలో ఉన్నవారు మేల్కొనకుండానే మరణించవచ్చు. మూసిన స్నానాల గదిలో గ్యాస్ గీజరు వాడడం అత్యంత ప్రమాదకరం.
- వంటగ్యాస్ గాలి కంటే బరువైనది. అది కారితే నేల మీద పేరుకుంటుంది. కనుక వంటగది కింది భాగంలో గాలి పోయే మార్గాన్ని మూయరాదు.
- బాగా బిగించిన గదిలో ఊపిరి వలన, స్నానం, వంటల వలన తేమ పెరిగి గోడలకు బూజు పడుతుంది. రోజూ కొంతసేపు కిటికీలు తెరవాలి లేదా ఎగ్జాస్ట్ పంకా వాడాలి.
- పాత తలుపుల రంగులో సీసం ఉండవచ్చు. ఇంటి రంగులలో సీసాన్ని పది లక్షలకు 90 భాగాలకు పరిమితం చేసే నియమం భారతదేశంలో 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగును పొడిగా గీకరాదు. తడిపి గీకాలి, పిల్లలను, గర్భిణీలను దూరంగా ఉంచాలి.
- అగ్ని ప్రమాద సమయంలో బయటపడే కిటికీలను తెరవలేని విధంగా మూసివేయరాదు.

ఖర్చు, ప్రయోజనం

రబ్బరు పట్టీలు, సిలికాన్, తలుపు అడుగు పట్టీ వంటి వాటికి ఖర్చు తక్కువ. సొంతంగా ఒక సెలవు రోజున చేసుకోదగిన పని. ఏసీ ఎక్కువగా వాడే ఇంటిలో ఈ ఖర్చు త్వరగానే తిరిగి వస్తుంది. బయటి తడికల ఖర్చు కూడా తక్కువే. కిటికీలను పూర్తిగా మార్చడం మాత్రం చాలా ఖరీదైనది. కేవలం విద్యుత్తు పొదుపుతో ఆ ఖర్చు రాబట్టడానికి అనేక సంవత్సరాలు పడుతుంది. అందువలన చట్రాలు పుచ్చిపోయినప్పుడు, ఇల్లు మరమ్మతు చేస్తున్నప్పుడు లేదా కొత్తగా కడుతున్నప్పుడు మెరుగైన కిటికీలు ఎంచుకోవడం సబబు. రోడ్డు చప్పుడు, దుమ్ము తగ్గడం కూడా ఈ పనుల వలన కలిగే అదనపు ప్రయోజనాలు.

ఇవి కూడా చూడండి

- ఉష్ణవహనం
- కిటికీ
- గాజు
- వట్టివేరు
- కార్బన్ మోనాక్సైడ్